నొప్పి తగ్గాక

తెల్లవారకముందే లేచి పుష్పావతి వావిలాకూ ఆముదపాకూ తరిగింది. గుడ్డలో మూట కట్టి పెనం మీద వెచ్చచేసింది. తైలం గిన్నెని వేడినీళ్ళలో పెట్టింది. ఆ ఘాటుకి ఇంట్లో కాఫీ వాసన తగిలి ఎన్నాళ్ళయిందో. "ఇల్లా, ఆయుర్వేదం కొట్టా ఇది" అని గొణుక్కుంటూ భర్త లక్ష్మయ్య దుప్పటి తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. ఆవిడ మూట తిరగేసింది. పోట్లాడ్డానికైనా ఓపికుండాలిగా.

"కాలు ఇటివ్వవే."

శ్రీలేఖ కాలు చాపి తల్లి ఒళ్ళో పెట్టింది. మొదట్లో "పెద్దదానివి, నువ్వు నా కాళ్ళు పట్టడమేంటమ్మా, పాపం" అని లాక్కునేది. ఇప్పుడు కళ్ళు మూసుకుని పడుకుంటోంది.

బందరు పరాసుపేటలో పుష్పావతి కూచిపూడి క్లాసు తెలియనివాళ్ళు లేరు. ఆవిడ నోటికి జడిసి కుదురుగా నిలబడ్డ పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లులయ్యారు. కన్నకూతురైనా సరే, క్లాసులో "టీచర్ గారూ" అనాల్సిందే. పెళ్ళయ్యాక తనకి స్టేజీ ఎక్కే రాత లేకపోయింది. అత్తవారు వద్దన్నారు. దాంతో ఆశంతా కూతురి మీద పెట్టుకుంది. ఆ కూతురు మొన్న వినాయక చవితి ప్రోగ్రాంలో ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడుతూ జారి పడింది. చీలమండ దగ్గర లిగమెంటు సాగింది. ఆస్పత్రి కట్టు విప్పాక కూడా నొప్పి పోకపోయేసరికి, పామర్రులో ఆయుర్వేదం డాక్టరు రాజకుమారి గారి దగ్గరికి తీసుకెళ్ళింది. అప్పట్నుంచీ రోజూ ఈ మర్దనా, కాపడమూ. మధ్యమధ్యలో డాక్టరుకి చూపించుకోడానికి మాత్రం శ్రీలేఖ ఒక్కతే వెళ్ళొస్తోంది.

"ఎలా ఉందే?"

"ఇంకా లాగుతోందమ్మా."

పుష్పావతి గోడ మీది కేలండరు వంక చూసింది. గుడివాడ కళాసమితి ఉత్సవానికి శ్రీలేఖ ఆడుతుందో లేదో ఇవాళ సాయంత్రంలోగా చెప్పాలి. "మెయిన్ ఐటం మీ అమ్మాయిదేనండీ, ఢిల్లీ నుంచి పెద్దవాళ్ళొస్తున్నారు" అని కార్యదర్శి కాంతారావు గారు ఒకటే ఫోన్లు. ఇలాంటి పిలుపు కోసమే కదా ఆవిడ ఇన్నేళ్ళు కాచుక్కూచుంది.

"ఇవాళ డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను."

"నువ్వెందుకమ్మా? పిల్లలు క్లాసుకొస్తారుగా."

"ఒక్కపూట రాకపోతే మునిగిపోయేదేం లేదు."

తల్లి నోటివెంట ఆ మాట వినడం శ్రీలేఖకి అదే మొదటిసారి. ఆ పిల్ల మొహం పాలిపోయింది. పుష్పావతి అది కాలినొప్పే అనుకుంది.

పామర్రులో రాజకుమారి గారు కాలు అటూ ఇటూ తిప్పి చూశారు. మునివేళ్ళ మీద నిలబడమన్నారు. శ్రీలేఖ తల వంచుకుని నిలబడింది.

"కాపడం ఇంకా పెడుతున్నారా? పోయిన నెలే చెప్పాను కదండీ, ఇక అక్కర్లేదని. మెల్లగా సాధన మొదలుపెట్టొచ్చు. అమ్మాయి చెప్పలేదా?"

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూచున్నారు గానీ, బందరు వచ్చేదాకా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. ఇంట్లోకి అడుగుపెట్టాక పుష్పావతి కోపం బద్దలైంది.

"నడుం విరిగిపోతున్నా చీకటితో లేచి ఆకులు తరిగానే. నీకు నవ్వులాటగా ఉందా?"

"లేదమ్మా."

"మరెందుకీ నాటకం? ఎవడైనా ఉన్నాడా? డాన్సు మానెయ్యమన్నాడా?"

"ఎవడూ లేడు. ఉంటే బాగుండేది, చెప్పడం తేలికయ్యేది."

"పెంకి సమాధానాలు చెప్పకు."

"నొప్పి తగ్గిందమ్మా. అలుపు తగ్గలేదు." శ్రీలేఖ గోడకి ఆనుకుంది. గొంతు పెంచలేదు. "ఆరో ఏట గజ్జె కట్టావు. జ్వరమొచ్చినా ఆడాను, రేపు పరీక్షనగా ఆడాను. ఏనాడైనా వద్దన్నానా? ఆ రోజు పళ్ళెం మీంచి పడ్డప్పుడు నాకేమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది."

పుష్పావతి చేతిలో సంచి కింద పెట్టింది.

"నువ్వు పక్కనుంచి 'లే, పాట ఆగలేదు' అన్నావు. లేద్దామనే చూశాను, కాలు రాలేదు. ఎంత సంతోషించానో."

"అప్పుడే చెప్పి ఏడవచ్చు కదే..."

"ఎవరికి చెప్పను? టీచర్ గారికా?" శ్రీలేఖ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తగ్గిందంటే నువ్వు మళ్ళీ టీచర్ గారివైపోతావు. ఇన్నాళ్ళూ తప్పులు పట్టకుండా నా పక్కన ఊరికే కూచున్నావు. అలా ఎప్పుడు కూచున్నావమ్మా నువ్వు? ఇంకొన్నాళ్ళు ఉంటుందేమోనని అబద్ధమాడాను. తప్పే."

పిల్లకి వచ్చిన ప్రతి అడుగూ పుష్పావతికి గుర్తుంది. ఆ పిల్లకి ఏమిష్టమో అడిగిన గుర్తు మాత్రం ఎంత వెతికినా లేదు.

ఫోను మోగింది. కాంతారావు గారు. శ్రీలేఖ తల్లి వంక ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. ఏమైనా సరే తలొంచడం అలవాటైపోయిన మనిషిలా నిలబడింది. ఆ నిలబడడం చూశాక పుష్పావతి ఫోనెత్తింది.

"మా అమ్మాయి చెయ్యదండీ."

"అయ్యో, ఇంకా తగ్గలేదా అమ్మా?"

"తగ్గిందండీ. పూర్తిగా తగ్గింది. అయినా చెయ్యదు."

"ఇలాంటి అవకాశం మళ్ళీ రాదమ్మా. ఒకసారి ఆలోచించుకుని..."

"ఆలోచించేదేం లేదండీ. దానికెప్పుడు ఆడాలనిపిస్తే అప్పుడాడుతుంది. అనిపించకపోతే లేదు. ఏమీ అనుకోకండి."

ఫోను పెట్టేసి పుష్పావతి కుర్చీలో కూలబడింది. ఏడుపొస్తుందనుకుంది. ఇన్నేళ్ళ ఆశ, చేతులారా కాదనుకుంది కదా. రాలేదు. భుజాలు మాత్రం బరువు దించినట్టు వాలిపోయాయి. తను కూడా ఎంత అలిసిపోయి ఉందో ఆవిడకి అప్పుడు తెలిసింది. ఎప్పట్నుంచో అలిసిపోయే ఉంది, ఆగితే ఏమవుతుందోనన్న భయంతో లెక్కచెయ్యలేదు.

"శ్రీలేఖా."

"ఊఁ."

"పొద్దుపోయిందే, లేచి వంట చెయ్యాలి. లేవలేకపోతున్నాను."

శ్రీలేఖ వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూచుని తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఏమీ చెయ్యొద్దు. కూచోమ్మా."

బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పుష్పావతితో ఎవరూ ఆ మాట అనలేదు. ఏడుపు అప్పుడొచ్చింది.