పూర్తికాని పని: ఒకటి

బెళుగుప్పకు పోయే దారిలో మూతబడిన శెనక్కాయల మిల్లు ఒకటుంది. ఈ ఎండాకాలం నుంచి దానికి చెడ్డపేరు. కరెంటు పోయి మళ్లీ వచ్చిన రాత్రుల్లో లోపలి నుంచి ఆడమనిషి గొంతు వినబడుతుందని… నీళ్లడుగుతుందని… చుట్టుపక్కల అందరూ చెబుతారు. ఆ గొంతు పక్క పల్లె మారెక్కదని కూడా చెబుతారు.

నేను చెప్పబోయే రాత్రికి మారెక్క చనిపోయి నెల.

నేను దెయ్యాలను నమ్మను. కంపెనీలను అసలే నమ్మను. ఆ మిల్లులో పనిచేసిన ఎలిజబెత్ నాకు ఎట్లా చెప్పిందో అట్లాగే రాస్తున్నాను.

పల్లెలకు నీళ్ల ట్యాంకర్లు పంపే ఒక కంపెనీ ఆ మిల్లును అద్దెకు తీసుకుని సర్వర్లు పెట్టింది. నీళ్లు కావలసినవాళ్లు ఫోన్ చేసి నోటితో చెబుతారు. సర్వర్ ఆ గొంతును దాచుకుంటుంది. ‘ట్యాంకర్ వస్తోంది’ అని వాళ్లకు మెసేజ్ పంపుతుంది. గదిలోని స్పీకర్లో ఆ గొంతు వినిపించి, చివరగా డ్రైవర్‌కు కబురు పెడుతుంది. వీటన్నిటినీ నడిపేది ఎలిజబెత్ ఒక్కతే. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. కమాండ్ కొట్టడం, ఎంటర్ నొక్కడం — అంతే.

సర్వర్‌ను ఆపడానికి రెండు కమాండ్లున్నాయి. ఒకటి — చేతిలో ఉన్న పని ముగించుకుని ఆగు. దానికి పది నిమిషాలు పడుతుంది. రెండోది — ఉన్నపళంగా ఆగు.

ఆ సాయంత్రం సర్వర్‌ను ఆపి కొత్త ప్రోగ్రాం ఎక్కించాలి. ఎక్కించాక రాత్రికి అదే లేచి నడుస్తుంది. బయట కళ్యాణదుర్గం ఆఖరి బస్సు హారన్ కొడుతోంది…

ఎలిజబెత్ రెండోది కొట్టింది.

సరిగ్గా అప్పుడు లోపల ఒకే ఒక్క పని నడుస్తోంది. మారెక్కది. మెసేజ్ వెళ్లిపోయింది. డ్రైవర్‌కు కబురు వెళ్లలేదు.

ఆ మెసేజ్‌ను నమ్మి మారెక్క ఊరి బిందెలన్నీ రోడ్డు పక్కన వరస పెట్టించింది. అర్ధరాత్రి దాకా చూసింది. పిల్లలు ఏడుస్తుంటే ఒక్కతే పాత బావిలోకి దిగింది. మెట్టు జారింది.

“ఆ ఊరి నుంచి మాకు ఫోనే రాలేదు” అంది కంపెనీ. ఎలిజబెత్ నోరు విప్పలేదు. తను ఏ టైముకు ఆపిందో ఆమెకు తెలుసు. ఆ ఊరి ఫోన్ ఏ టైముకు వచ్చిందో మాత్రం వెతికి చూడలేదు.

ఇది దోపిడీ వ్యవస్థ చేసిన హత్య అని నేను కరపత్రం రాశాను. రాయడం తేలిక. మారెక్క బిందెలు పెట్టుకుని కూర్చున్న ఆ రాత్రే అనంతపురంలో ‘నీళ్లు ప్రజల హక్కు’ సభ జరిగింది. వేదిక మీద మా ముందు సీసా నీళ్లున్నాయి. సగం సగం తాగి వదిలేశాం.

నెల తర్వాత ఒక రాత్రి కరెంటు వచ్చినా సర్వర్ లేవలేదు. ఎలిజబెత్ రావలసి వచ్చింది. వాచ్‌మన్ తిప్పేస్వామి గేటు దగ్గరే నిలబడిపోయాడు.

“లోపలికి రా, తిప్పన్నా.”

“నేను రానమ్మా. నా డ్యూటీ గేటు వరకే.” గొంతు తగ్గించాడు. “ఆయమ్మ లోపలుండాది.”

“దెయ్యమా? కంప్యూటర్ల రూములోనా?”

“ఈ చుట్టుపట్ల ఏసీ ఉండేది ఆడొక్కటేగదమ్మా.”

ఎలిజబెత్ నవ్వింది. లోపలికి పోయి, తెర ముందు కూర్చుని, కమాండ్ కొట్టింది. అక్షరాలు వరసలు వరసలుగా పైకి పోయాయి… ఒక వరస దగ్గర ఆగాయి.

‘పూర్తికాని పని: ఒకటి. మళ్లీ మొదలు.’

స్పీకర్ గరగరలాడింది.

“అప్పా… నేను మారెక్కను మాట్లాడతాండా. పిల్లోళ్లకు తాగేదానికి గూడా చుక్క లేదప్పా… పంపిస్తారా?”

వెనువెంటనే ఇంకో వరస — ‘గడువు దాటింది. డ్రైవర్ లేడు. పని పక్కన పెట్టబడింది.’

దెయ్యం కాదు. తను మధ్యలో తెంపిన పనిని సర్వర్ మరిచిపోలేదు. లేచిన ప్రతిసారీ ముగించాలని చూస్తోంది. ఫోన్ వచ్చిన టైము ఆరూ నలభై రెండు. తన కమాండ్ — ఆరూ నలభై రెండు.

ఎలిజబెత్ మేనేజర్ నాగేశ్వరకు ఫోన్ చేసి చెప్పింది. అవతల గుసగుస…

“తుడిచెయ్, ఎలిజబెత్. ఒక్క లైనేగదా. ఆ పొద్దు ఆపిండేది ఎవురో నాకు తెలుసు. ఊరికి గూడా తెలియాల్నా?”

ఆమె తుడిచేసే కమాండ్ కొట్టింది. వేలు ఎంటర్ మీద పెట్టింది. నొక్కితే చాలు — మారెక్క ఎన్నడూ ఫోన్ చేయనట్టే. తను ఎన్నడూ బస్సెక్కనట్టే…

వేలు తీసింది. కొట్టిన అక్షరాలను ఒక్కొక్కటే చెరిపేసింది. బయటికొచ్చి తిప్పేస్వామితో అంది:

“కుళ్లాయప్పన్నను పిల్చుకోని రా.”

మారెక్క మొగుడు కుళ్లాయప్ప అరగంటలో వచ్చాడు. చెప్పులు బయట విడిచి, గుమ్మంలో నిలబడ్డాడు.

“అన్నా… ఆ పొద్దు అక్క ఫోన్ చేసింది. మాకు ఆ ఫోన్ వచ్చిన మాట నిజం. మధ్యలో దీన్ని ఆపింది నేనే. బస్సు పోతాదని.”

అతను వెలుగుతున్న తెర వైపు చూశాడు. తిట్టినా బాగుండేదంటుంది ఎలిజబెత్.

ఆమె సర్వర్‌ను ఆపి, మళ్లీ లేపింది. గరగర. గొంతు. పిల్లోళ్లు… చుక్క లేదు…

“పంపిస్తారా?”

కుళ్లాయప్ప స్పీకర్ దగ్గరికి నడిచాడు. దాని ముందు వంగాడు.

“వస్తాండాదిలే, మారెక్కా” అన్నాడు మెల్లగా. “నువ్వు బాయి తట్టు పోవద్దు…”