పక్కన పెట్టిన పదకొండు పరీక్షలు

ఫిలిప్పోస్ సంచిలో టార్చి, మందుల డబ్బా, ఉన్ని బనియను, వైర్‌లెస్ కుక్కాడు. జిప్పు పట్టలేదు. మోకాలు ఆనించి లాగాడు.

"ఎప్పుడొస్తారు అచ్చాయా?" తోటి ఏజెంట్ వత్సల అడిగింది. పెద్దన్నా అన్నట్టు అతన్ని ఆమె అలాగే పిలుస్తుంది.

"అన్నీ సవ్యంగా ఉంటే రాత్రి చేపల కూరకి. నువ్వా లైను పట్టుకో, చాలు."

ఆనకట్ట గేట్లను ఈ ఉదయం నుంచే నడుపుతున్న కొత్త ప్రోగ్రాంలో విదేశీ ముఠా ఎక్కడో ఓ తప్పుడు లైను దూర్చింది. ఈ సాయంత్రం నాలుగింటికి మూడో గేటు తనంతట తానే లేస్తుంది. కరెంటు తీసేస్తే అన్ని గేట్లూ లేస్తాయి. దిగువన ఆరు ఊళ్లు. గేటు గుంటలో చేతి బ్రేకు దగ్గర అతను కాపలా. ఆ ప్రోగ్రాం రాసిన తిరువనంతపురం కంపెనీలో ఆమెది ఆడిటర్ వేషం.

మూడింటికి వత్సల 'వేటకుక్క'ను వదిలింది. ప్రోగ్రాం మీద పరీక్షలన్నీ నడిపి, అవి ఫెయిలైనప్పుడు నడిచిన లైన్లను ఎర్రగా చూపించే సాఫ్ట్‌వేర్ అది. డెబ్భై వేల లైన్లూ పచ్చగా వచ్చాయి.

టెస్టింగ్ అధికారి సెలీన్ పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, అక్కా అని చనువుగా పిలుస్తూ నవ్వింది. ముఠాలో ఆమె మన వేగు అని వత్సల పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంటు నమ్మకం.

"చూశావుగా చేచీ? తప్పే లేదు. సంతకం పెట్టి టీ తాగు."

"పెట్టను."

"పైనుంచి ఆర్డరు."

"పైవాళ్లనే వచ్చి పెట్టమను. ఒక్క పరీక్షా ఫెయిలవని ప్రోగ్రాం నేను పుట్టి ఎరగను. ఫెయిలైనవి ఎక్కడ దాచావు?"

ఆ ఆఫీసులో ఒక అలవాటుంది. పరీక్ష ఓసారి పాసై ఓసారి ఫెయిలైతే ప్రోగ్రాంని ఎవరూ అనుమానించరు. "దీనికి నిలకడ లేదు" అని పరీక్షనే తీసి పక్క ఫోల్డర్లో పారేస్తారు. వత్సల అది తెరిచింది. పదకొండున్నాయి. ఫెయిలైన ప్రతిసారీ టైం సాయంత్రం నాలుగు దాటింది.

ఆమె కంప్యూటర్ గడియారాన్ని నాలుగుకు జరుపుతుండగా సెలీన్ లిప్‌స్టిక్ గొట్టం ఎత్తింది. అందులో తూటా. వత్సల టీ ట్రేతో ఆ చేతిమీద ఒక్కటిచ్చింది; గొట్టం ఎగిరిపడింది.

"కూర్చో తల్లీ. ఫలితం చూసి పోదువుగాని."

పరీక్షలు ఒక్కొక్కటే నడుస్తున్నాయి. అసలు గడియారంలో నాలుగైంది. వైర్‌లెస్ గరగరలాడింది.

"గేటు వణుకుతోంది. బ్రేకు పట్టుకున్నా."

"బయటికి రండి!"

"వదిలితే లేస్తుంది. నా సంగతి నీకెందుకు? నీ పని చూడు."

పదకొండూ ఫెయిల్. ఒకే ఒక్క లైను ఎర్రబడింది. వత్సల దాన్ని కొట్టేసి, సరిచేసిన ప్రోగ్రాంని ఆనకట్టకు పంపింది. జానెడు లేచిన గేటు ఆగి, దిగిపోయింది.

ఊళ్లలో ఎవరి పాదమూ తడవలేదు. పదకొండు పరీక్షలకూ నిలకడ వచ్చిందని కంపెనీ రిపోర్టు రాసుకుంది.

జానెడు సందులోంచి వచ్చిన నీళ్లు గుంటను నింపాయి. ఫిలిప్పోస్ తిరిగి రాలేదు. జూన్ ఇరవయ్యొకటి, శుక్రవారం, నాలుగు గంటల రెండు నిమిషాలు.