అందర్నీ తోల్కరా

లీలమ్మకు యాభై రెండేళ్లు. మేకలు కాసేటప్పుడు వాటితోనే ముచ్చట పెట్టుకోవడం ఆమెకు అలవాటు. మబ్బు పట్టిన ఆ సాయంత్రం మాత్రం నోరు మూసుకుని వాటిని దొడ్లోకి తోలేసి, పోలీసు ఔట్‌పోస్టుకు నడిచింది. ఊరవతల పాడుబడ్డ క్వారీ గుంతలో, పచ్చటి నీళ్ల మీద, పక్కింటి నిరోష శవం తేలుతూ ఆమెకు కనిపించింది. మెడకు మొగుడు పరమేష్ ఎద్దు పలుపు ఉంది.

ఔట్‌పోస్టులో హెడ్ కానిస్టేబుల్ లింగస్వామి ఒక్కడే ఉన్నాడు. అంతా విన్నాడు. పెన్ను మూతైనా తియ్యలేదు.

"ఆమెకు నువ్వేమైతవ్?"

"పక్కింటిదాన్ని సారూ. జర రాసుకోండ్రి. చీకటైతే పరమేష్ పీనుగను మాయం జేస్తడు."

"పరమేష్ గిప్పుడే చాయ్ తాగి పోయిండు. పెండ్లాం అలిగి మక్తల్‌ల తల్లిగారింటికి పోయిందట. మొగడు చెప్పింది ఇనాల్నా, మేకలు గాసేదాని మాట ఇనాల్నా?"

"పలుపు నా కండ్లతోని సూసిన సారూ."

"గట్లనా! నంబర్ చెప్పు. పీనుగతోనే మాట్లాడుదాం."

కళ్లారా చూసినా నమ్మబుద్ధి కాక, దారి పొడుగునా లీలమ్మ చేసి చూసిన నంబరే అది. స్విచ్చాఫ్. లింగస్వామి స్పీకర్ పెట్టి కొట్టాడు.

మోగింది.

ఎవరో ఎత్తారు.

"అన్నా..."

నిరోష గొంతే. కానీ మాటకూ మాటకూ నడుమ ఊపిరి చప్పుడు లేదు.

లింగస్వామి పకపకా నవ్వాడు. "నువ్వు చచ్చినవని గీ ముసల్ది నా పానం దీస్తాంది. వచ్చి బతికున్ననని చెప్పి పోవే."

"ఈడ ఇంకా శానమందిమున్నమన్నా. కేసు రాయమని నీ తానకొచ్చి మళ్లిపోయినోళ్లం. మిగిలినోళ్లను గూడ తోల్కరావాల్నా?"

"అందర్నీ తోల్కరా. చాయ్ తాపిస్త."

ఫోన్ కట్టయింది. వెంటనే కరెంటూ పోయింది.

బయట కప్పలు ఒక్కసారిగా అరుపు ఆపాయి. ముందు వాసన వచ్చింది. ఏళ్ల తరబడి కదలని నీళ్ల వాసన, నాచు వాసన. తర్వాత వరండా బండల మీద తడి పాదాలు... ఒక జత కాదు. చీర కుచ్చెళ్ల నుంచి కారుతున్న నీళ్లు... టప్... టప్... ఒక్కొక్కరే లీలమ్మను రాసుకుంటూ లోపలికి పోతున్నారు. తగిలిన ప్రతి భుజమూ మంచులా ఉంది.

"ఎవరే అది..." లింగస్వామి గొంతు సన్నబడింది.

లీలమ్మ చెవి పక్కన గుసగుస. "అక్కా... నువ్వు బయటికి పో."

ఆమె పోయింది.

లోపల కుర్చీ పడింది. "ఎవరే... మీరంతా ఎవరే..." ఆ తర్వాత నీళ్లు మింగుతున్న చప్పుడు. చాలాసేపు... ఆ తర్వాత అదీ లేదు.

లీలమ్మ ఆ రాత్రే నల్లగొండకు పోయి పెద్ద సార్ల ముందు పరమేష్ మీద కేసు రాయించింది. మర్నాడు మోటార్లు పెట్టి గుంత తోడితే నిరోష శవం ఒక్కటే దొరికింది. లింగస్వామి ఎక్కడా దొరకలేదు. ఔట్‌పోస్టు నేల మీద నాచు పాదముద్రలు ఎండి ఉన్నాయి. మెట్టెలున్నవి, లేనివి, ఒక పసిపిల్లవి. అన్నీ లోపలికి పోయినవే. బయటికి వచ్చినవి ఒక్కటీ లేవు. కిటికీలకు ఊచలు. తలుపుకు బయట గొళ్లెం.

ఆ గొళ్లెం పెట్టింది లీలమ్మ. కేసులో ఆ ముక్క రాయించలేదు.