తీసేసిన తాళంచెవి

ఆదివారం పొద్దున చిన్నీ ఇంకా పళ్ళు తోముకుంటూ ఉండగానే వీధి తలుపు టింగుమని మోగింది. ఆ చప్పుడు ఇంట్లో అందరికీ అలవాటే. అన్న కంపెనీ తయారుచేసిన తాళం అది. దానికి తాళంచెవి ఉండదు. ఫోనులో ఒక బొమ్మ మీద వేలు పెడితే తెరుచుకుంటుంది. నడకకు వెళ్ళి పాల ప్యాకెట్లతో తిరిగొచ్చిన అమ్మ ముఖం వెలిగిపోతోంది.

"మీ అన్న తాళం ఎంత మంచిదో చూశావా? నా ఫోను లోపలే మర్చిపోయి తలుపేసుకుని వెళ్ళాను. చేతిలో పాటలు వినే ఫోనుంది. సరే చూద్దామని దీంట్లో నొక్కితే దీంతోనూ తెరుచుకుంది."

పాటల ఫోనంటే చిన్నీ పాత ఫోను. కొత్తది కొనుక్కున్నప్పుడు దాన్ని అమ్మకిచ్చింది. ఇచ్చేముందు తాళం జాబితాలోంచి ఆ ఫోను పేరును తన చేత్తోనే తొలగించింది. "తొలగించబడింది" అని పచ్చ టిక్కుతో సందేశం కూడా వచ్చింది.

చిన్నీ నోట్లో బ్రష్షు అలాగే ఉండిపోయింది. గబగబా పుక్కిలించి వచ్చి, "ఏ ఫోనుతో తీశావమ్మా?" అంది.

"ఇదిగో, దీంతోనే. ఎందుకలా చూస్తావు?"

"దాంతో తెరుచుకోకూడదు."

"తెరుచుకోకపోతే తిడతారు. తెరుచుకున్నా తప్పేనా మీ లోకంలో?" అని నవ్వుకుంటూ అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చిన్నీ ఉద్యోగం అదే. వేరేవాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌లో కన్నాలు వెతకడం, దొరికినవి వాళ్ళకు చెప్పడం, పూడ్చేదాకా వాళ్ళను వదలకపోవడం. "దొంగల పని చేసి నెలనెలా జీతం పుచ్చుకునేది మా అమ్మాయొక్కతే" అని అమ్మ చుట్టాల దగ్గర చెప్పుకుని మురిసిపోయేది. ఆ పనిలో చిన్నీకి కొన్ని గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. పాస్‌వర్డులో ఒక అంకె ఉండాలి, ఒక చుక్క ఉండాలి, నెలకోసారి మార్చాలి అంటూ జనాన్ని వేపుకుతినే కంపెనీలే తమ పెరటి తలుపు బార్లా తెరిచి పెట్టుకుంటాయని ఆమె నమ్మకం. "మీ భద్రతే మాకు ముఖ్యం" అని ఎవరైనా ఉత్తరం రాశారంటే అప్పటికే ఏదో పోయిందని అర్థం. ఇక "తర్వాత సరిచేద్దాం" అనే మాట వింటే ఆమెకు ఒళ్ళు మండేది. ఆ తర్వాత అనే రోజు ఏ క్యాలెండరులోనూ ఆమెకు కనబడలేదు.

అన్న తాళాన్ని మాత్రం ఆమె ఎప్పుడూ పరీక్షించలేదు. అన్న కదా.

ఆ పొద్దున పరీక్షించింది. పాత ఫోనును మళ్ళీ చేర్చి, మళ్ళీ తొలగించి, ఇంటర్నెట్టు ఆపేసి, బయట నిలబడి నొక్కింది. టింగుమంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ టింగుమంది. సంగతి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. తెర మీద జాబితాలో పేరు కొట్టేస్తున్నారు గానీ, ఆ మాట తలుపుకున్న తాళానికి చేరడం లేదు. ఉద్యోగంలోంచి తీసేసిన మనిషి పేరు ఆఫీసు రిజిస్టరులో చెరిపేసి, గేటు దగ్గర కాపలావాడికి చెప్పడం మర్చిపోయినట్టు ఉంది వ్యవహారం.

అన్నావదినలు మేడ మీద ఉంటారు. చిన్నీ వెళ్ళేసరికి అన్న ల్యాప్‌టాప్ ముందు ఉన్నాడు. వదిన మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆమె ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. వారమంతా రోగుల చేతులూ కాళ్ళూ వంచి, ఆదివారం మాత్రం ఇంటిపని నింపాదిగా చేసుకుంటుంది.

చిన్నీ చెప్పింది విని అన్న ఆశ్చర్యపోలేదు. ఏ ఫోను అని అడగలేదు. ల్యాప్‌టాప్ మూత మెల్లగా దించాడు.

"నీకు తెలుసు కదూ?" అంది చిన్నీ.

"తెలుసు. మా ఆఫీసు పిల్లలు పట్టుకున్నారు. వచ్చే వెర్షన్‌లో సరిచేస్తున్నాం."

"అదెప్పుడు వస్తుంది?"

"ముందు ఆ అపార్టుమెంట్ల ఒప్పందం కానీ. ఆ బిల్డర్లు కొత్త టవర్లన్నిటికీ ప్రతి తలుపుకీ మన తాళమే పెట్టిస్తామంటున్నారు. ఇప్పుడు కదిలిస్తే మొత్తం చెడుతుంది."

"ఈలోగా వాడుతున్నవాళ్ళ సంగతి?"

"గోరంతని కొండంత చెయ్యకు చిన్నీ. ఇదేం హ్యాకింగ్ కాదు. ఎక్కడో కూర్చుని ఎవడూ తియ్యలేడు. నువ్వు నమ్మి ఒకప్పుడు తాళం ఇచ్చిన మనిషే అయ్యుండాలి. అలాంటివాడికి పనిగట్టుకుని రావలసిన అవసరం ఏముంటుంది?"

"అందరికీ భయం అలాంటి మనిషంటేనే అన్నయ్యా. ముక్కూమొహం తెలీని దొంగ ఒక కిటికీ కాకపోతే ఇంకో కిటికీ చూసుకుంటాడు. వెళ్ళిపొమ్మన్న మనిషి మాత్రం మన తలుపు దగ్గరికే వస్తాడు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"తాళం వెనక గుండీ కాసేపు నొక్కి పట్టుకుంటే పాతవన్నీ చెరిగిపోతాయి. ఆ ఒక్క ముక్క కొన్నవాళ్ళందరికీ ఇవాళే చెప్పు."

"ఎందుకు నొక్కాలని అడుగుతారు."

"అడిగితే నిజం చెప్పు."

"చెబితే ఆ ఒప్పందం గోవిందా. నన్ను నమ్ముకుని ఆఫీసులో అంతమంది ఉన్నారు. వాళ్ళ జీతాలు నువ్విస్తావా? నువ్వు చూసిన కంపెనీల్లో ఎవడు సత్యసంధుడు చెప్పు. ముందు బయటికి వదులుతారు, తర్వాత దిద్దుకుంటారు. అందరూ చేసేదే."

"ఫోనులో ఆడుకునే ఆటయితే అలా వదలొచ్చు. ఇది తలుపు," అంది చిన్నీ. "వేరే ఏ కంపెనీ అయినా నేనేం చేస్తానో నీకు తెలుసు. గడువిస్తాను. గడువులోగా చెప్పకపోతే నేనే బయటపెడతాను. నువ్వు అన్నవని ఇంకో లెక్క చూడలేను."

మాటలు కింది దాకా వినబడ్డాయి కాబోలు, అమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. సంగతి సగం విని, "ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. ఊళ్ళోవాళ్ళ తప్పులు పట్టుకుంటే నేనూ మెచ్చుకున్నాను. సొంత అన్న పరువు వీధిలో పెడతావా?" అంది.

"గుట్టు మనదే అమ్మా. తలుపులు మాత్రం వాళ్ళవి."

వదిన చేతిలో తువ్వాలు పట్టుకునే తలెత్తింది.

"మా అక్క తలుపుకున్నదీ ఇదే తాళం కదండీ?"

వదిన వాళ్ళక్క నిరుడు భర్త నుంచి విడిపోయింది. అనుమానం మనిషి అతను. ఆమె ఎవరితో మాట్లాడినా లెక్క చెప్పాలి, ఎక్కడికి వెళ్ళినా చెప్పి వెళ్ళాలి. చివరికి అతన్ని ఇంట్లోంచి పంపించి, చిన్న కూతురితో ఆమె ఒక్కతే ఉంటోంది. తాళం మార్పిస్తానంటే అన్నే వెళ్ళి ఆపాడు. "మామూలు తాళమైతే మార్చాల్సిందే వదినగారూ. ఇదైతే అతని పేరు మీద ఒక్క నొక్కు చాలు. ఇక గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోండి" అన్నాడు. ఆమె ముందే నొక్కి చూపించాడు. పచ్చ టిక్కు వచ్చింది.

"అప్పుడు నాకు తెలీదు. ఒట్టు," అన్నాడు అన్న.

"మరి ఎప్పుడు తెలిసింది? అక్క మనింటికొచ్చి ఏడ్చిన రోజుకి ముందా, తర్వాతా?"

ఆ రోజు ఇంట్లో అందరికీ గుర్తుంది. మూసి వెళ్ళిన కిటికీ తెరిచి ఉంటోందని, కూతురి ఫొటో గోడవైపు తిరిగి ఉంటోందని, తాను తాగని కప్పు సింకులో కనబడుతోందని వదిన వాళ్ళక్క చెప్పుకుని ఏడ్చింది. అందరూ విన్నారు. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "అలిసిపోయావమ్మా. మనసు కుదుటపడితే అన్నీ సర్దుకుంటాయి" అంది. వదినే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. అప్పటినుంచీ ఆమె మాత్రలు వేసుకుంటోంది.

"ముందే," అన్నాడు అన్న, నేల చూస్తూ.

వదిన అరవలేదు. "ఆ రోజు మీరు ఈ కుర్చీలోనే కూర్చున్నారు," అంది అంతే. తువ్వాలు మడత పూర్తిచేసి మంచం మీద పెట్టి, హ్యాండుబ్యాగు తీసుకుంది. "చిన్నీ, పద."

అన్న వెనకాల నుంచి ఏదో అనబోయాడు. వదిన మెట్లు దిగుతూనే ఉంది.

ఇద్దరూ నేరుగా వదిన వాళ్ళక్క ఇంటికి వెళ్ళారు. ఆమె తలుపు కొంచెమే తీసి, చెల్లెల్ని చూశాక లోపల అడ్డం పెట్టిన కుర్చీ జరిపింది. హాల్లో టీవీ ముందు కూతురు బొమ్మలకు రంగులు వేసుకుంటోంది. చిన్నీ వదిన వాళ్ళక్కను వంటింట్లోకి తీసుకెళ్ళి, తిప్పి చెప్పకుండా ఉన్నదున్నట్టు చెప్పింది. మీరు తీసేశామనుకున్న మనిషి తాళం ఇంకా పనిచేస్తూనే ఉంది అక్కా, ఇన్నాళ్ళూ అతను కావాలంటే ఈ తలుపు తీయగలిగేవాడు.

ఆమె గ్యాసు గట్టు పట్టుకుని నిలబడింది. కోప్పడుతుందనుకున్నారు ఇద్దరూ. ఆమె ముందు నవ్వింది. ఆ నవ్వులోంచే ఏడుపు వచ్చింది.

"అయితే నాకు పిచ్చి లేదన్నమాట," అంది.

వదిన ఆమెను గట్టిగా పట్టుకుంది. "లేదక్కా. మేమే నమ్మలేదు."

"రోజూ కిటికీ మూసి, మూసిన కిటికీని ఫోనులో ఫొటో తీసి మరీ వెళ్ళేదాన్ని. సాయంత్రం ఆ ఫొటో చూసి కూడా నన్ను నేను నమ్మలేదే."

నిజంగా అతను వచ్చాడా అని ఆమె అడిగింది. అది తేల్చే దారి లేదు. ఎవరు ఎప్పుడు తలుపు తీశారో ఆ తాళం గుర్తుపెట్టుకోదు. మనం ఏ పాట ఎన్నిసార్లు విన్నామో, ఏ చెప్పులు చూసి కొనకుండా వదిలేశామో అన్నీ దాచుకునే లోకం, ఒక ఆడమనిషి వాకిలి ఎవరు తెరిచారో మాత్రం రాసిపెట్టుకోలేదు. చిన్నీ తలుపు దగ్గరికి వెళ్ళి గుండీ నొక్కి పట్టుకుంది. ఎర్రదీపం వెలిగి ఆరింది. అయినా ఆమెకు తృప్తి కలగలేదు. ఆ పచ్చ టిక్కునూ ఒకప్పుడు నమ్మారు కదా.

కాసేపటికి తలుపు కొట్టిన చప్పుడైంది. కుర్చీ జరిపి చూస్తే అన్న నిలబడి ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవరు, కొత్తగా కొన్న మామూలు ఇనప తాళం. అతని వెనకాల అమ్మ.

అన్న గడప దాటలేదు. "వదినగారూ, నాకు తెలిసీ చెప్పలేదు," అన్నాడు. "మీరు ఏడ్చిన రోజే, అతనే వస్తున్నాడేమోనని నాకు అనుమానం వచ్చింది. నా తాళం తప్పని ఒప్పుకోవడం కన్నా, మీ మనసు బాగోలేదనుకోవడమే తేలికనిపించింది."

"ముందు ఆ తాళం బిగించండి మరిదిగారూ," అందామె. "మీతో మాట్లాడతాను, కానీ ఇవాళ కాదు."

అతను తల ఊపి గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తన కంపెనీ పేరున్న పెట్టెను స్క్రూ స్క్రూగా ఊడదీశాడు. అమ్మ లోపలికి వచ్చి వదిన వాళ్ళక్క పక్కన కూర్చుంది. ఆమె చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. "నీ మాట వినకుండా నీకు బుద్ధులు చెప్పానమ్మా" అంది.

తాళం బిగించాక అన్న భోజనాల బల్ల దగ్గర కూర్చుని, కొన్నవాళ్ళందరికీ పంపవలసిన సందేశం రాయడం మొదలుపెట్టాడు. వదిన అతని భుజం మీంచి చదివింది.

"'కొన్ని అరుదైన సందర్భాల్లో కొందరు వినియోగదారులకు స్వల్ప అసౌకర్యం.' అరుదైన సందర్భమంటే ఎవరండీ? మా అక్కా?"

అన్న మొత్తం చెరిపేశాడు. తలెత్తి చెల్లెలి వైపు చూశాడు. చిన్నీ సాయం చెయ్యలేదు. ఆ వాక్యాలు అతనే రాయాలి. చాలాసేపటికి రాశాడు. "మీరు తొలగించిన మనిషి ఇంకా మీ తలుపు తీయగలరు. తాళం వెనక గుండీని ఇప్పుడే నొక్కి పట్టుకోండి. తప్పు మాది. నా నంబరు ఇది." వదిన చదివి పక్కకు తప్పుకుంది. అతను పంపేశాడు.

మొదటి ఫోను ఎవరో తెలియని నంబరు నుంచి వచ్చింది. ఒక ఆడగొంతు. కంగారూ కోపమూ కలిసి, బల్ల అవతల ఉన్నవాళ్ళకు కూడా వినబడేంత గట్టిగా ఉంది.

"ఈ సంగతి మీకు ముందే తెలుసా?"

ఇలాంటి ప్రశ్నకు ఏ కంపెనీ కూడా అవునని చెప్పదు. విచారిస్తున్నామంటారు, నిపుణులు చూస్తున్నారంటారు. అలాంటి ఉత్తరాలు చిన్నీ ఎన్నో చదివింది. అన్న కూడా అవే చదివి పెరిగినవాడు. అతను కళ్ళు మూసుకుని తెరిచాడు.

"తెలుసమ్మా. తెలిసీ చెప్పలేదు. తర్వాత నన్ను ఏమైనా అనండి, ముందు ఆ గుండీ నొక్కండి. మీరు నొక్కేదాకా నేను లైనులోనే ఉంటాను."

బల్ల మీద అతని ఆఫీసు ఫోను కూడా మోగడం మొదలైంది. అన్న దానివైపు నిస్సహాయంగా చూశాడు. చిన్నీ కుర్చీ లాక్కుని అన్న పక్కన కూర్చుంది. ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"చెప్పండి," అంది. "నేను వాళ్ళ చెల్లెల్ని."