పాతరగది పిల్లులు

హగరి ఏటి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో, పొద్దు వాలిన తరువాత సుబ్బరామి ఇంటి పెరటివైపు ఎవరూ అడుగు వేసేవారు కారు. పశువుల కొట్టం దాటాక అక్కడొక ఒంటితలుపు గది ఉండేది. గది నేలలో పూర్వకాలపు జొన్నల పాతర. దాని నోటి మీద ఒక బండ. ఊరివాళ్ళు దాన్ని పాతరగది అనేవారు. చీకటిపడితే ఆ పేరు కూడా పలికేవారు కారు.

తాతలనాటి ధాత కరువులో, నిండు చూలాలు ఒకామె ఆకలికి తాళలేక గింజల కోసం ఆ పాతరలోకి దిగిందనీ, మళ్ళీ పైకి రాలేదనీ చెప్పుకునేవారు. అది అసంభవమేమీ కాదు. చాలాకాలం మూసి ఉంచిన పాతరలో చెడుగాలి పేరుకుంటుంది. దిగిన మనిషి కేక వేసేలోపే ఒరిగిపోతాడు. ఆ కరువు గురించి దొరికినంతా చదివినవాడిని కనుక ఆమె చావును నేను నమ్ముతాను. చావు తరువాతి సంగతులనే నమ్మను.

ఈ కథ నాకు చెప్పిన రామసుబ్బా ఈ విషయంలో నాకంటే మొండి. బళ్ళారి రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. బ్రూస్‌పేటలో మా వీధిలోనే కాపురం. మూట మీద రాసిన బరువును నమ్మక మళ్ళీ తూకం వేయించే రకం. అతని చెల్లెలు నాగలక్ష్మమ్మే సుబ్బరామి భార్య. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసి కొన్నేళ్ళయిన రోజులవి.

నాగలక్ష్మమ్మకు తొలి కడుపు దక్కలేదు. రెండోసారి నిలిచింది. శీతకాలపు మాగి జొన్న విత్తడం ముగిశాక, ఒడి నింపే వేడుకకు రమ్మని అన్నకు కబురు వచ్చింది. చూలాలి ఒడిలో జొన్నలు పోసి, ఆ జొన్నలనే వండి ఆమె ఒక్కదాని చేత తినిపించడం ఆ ఇంటి ఆనవాయితీ.

రామసుబ్బా నాలుగు రోజులు ముందుగానే వెళ్ళాడు. ఇంట్లో వేడుక జాడ లేదు. చెల్లెలు గడప దాటకుండా, కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది.

"పిల్లులన్నా..." అంది, అంతే.

ఆ ఇంట్లో పిల్లులకు కొదవ లేదు. మొదట ఒకటి నడుస్తూ నడుస్తూ పక్కకు ఒరిగిందట. తరువాత ఇంకొకటి ఉన్నచోటే గుండ్రంగా తిరగసాగింది, తోక పట్టుకోబోతున్నట్టు. అందరూ నవ్వారు. మర్నాడు అదే పిల్లి తిన్నగా పోయి మండుతున్న పొయ్యిలో తల పెట్టింది... అప్పటినుంచి ఎవరూ నవ్వలేదు. చీకటిపడితే అవి పాతరగది చుట్టూ చేరి పసిపిల్లల గొంతుతో ఏడుస్తున్నాయి. ఆ ఏడుపుకు ముందు — గదిలోంచి బండ జరిపిన చప్పుడు.

సుబ్బరామి మేనత్త హనుమక్క ఆ ఇంటి పెద్దదిక్కు. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. అత్తలేని నాగలక్ష్మమ్మకు అత్త, అమ్మ రెండూ ఆమే. రామసుబ్బాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఇస్తుంటే లోటా తొణికి అతని పంచె తడిసింది. "వయసు నాయనా" అని కొంగుతో తుడిచి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"అది కడుపుతో పోయింది. కడుపుతో ఉండేదాన్ని సూస్తే ఓర్సుకోలేదు. పోయినసారి లక్ష్మి బిడ్డను తీసుకున్నదీ అదే. ఈసారి ముందు పిల్లుల మీద పడింది... ఒడి నింపేది జల్దీ కానిచ్చేద్దాం. ఈ ఇంటి గింజలు కడుపులో పడితే అది దగ్గరికి రాలేదు."

ఆ మాటతో వేడుకను ముందుకు, శుక్రవారానికి జరిపారు.

రామసుబ్బాకు దెయ్యం మీద అనుమానం లేదు. మనుషుల మీద ఉంది. పిల్లులకు ఏదో పెట్టారు. పిల్లులకు పెట్టినవాడు రేపు చెల్లెలికి పెట్టడని నమ్మకమేమిటి?

ముందు పాలు చూశాడు. అవే పాలు ఇంటిల్లిపాదీ తాగుతున్నారు. గిన్నెలు చూశాడు, కళాయి కొత్తగా వేయించినదే. ఎలుకల మందు ఉందేమోనని అటకలన్నీ తడిమాడు. సుబ్బరామి వెంట తిరుగుతూ, "రైలు మూటలు అయిపోయినాయా బావా, మా పిల్లుల నాడి సూసేదానికొచ్చినావు?" అన్నాడు.

"ఇంట్లో విషమనేది ఏదన్నా ఉందా లేదా, అది చెప్పు."

ఉండేదన్నాడు సుబ్బరామి. ఈ ఏడు విత్తనాలకు తెగులు రాకుండా కలపమని సర్కారు మనుషులెవరో పొడి డబ్బా ఇచ్చారు. కలిపాక అవి తినే గింజలు కావు, మిగిలితే పూడ్చెయ్యమని మరీమరీ చెప్పారు. ఆ పని సేద్యగాడు దురుగప్పకు అప్పజెప్పాడు. అదంతా విత్తిన రోజే ముగిసిన సంగతి.

దురుగప్ప తీసుకుపోయి పూడ్చిన చోటు చూపించాడు. రామసుబ్బా తవ్వించాడు. ఖాళీ డబ్బా బయటపడింది.

"మిగిలిన గింజలో?"

"అవీ... పూడ్సేసినానప్పా" అన్నాడు దురుగప్ప. అంటూ ఎద్దు మెడ గోకడానికి అవతలికి తిరిగాడు.

రామసుబ్బాకు ఆ తిరగడం నచ్చలేదు. మనసులో పెట్టుకున్నాడు.

తిరిగి వస్తుంటే పాతరగది కనబడింది. తలుపు మీద గుండ్రని రేకుబిళ్ళ ఒకటి దారంతో వేలాడుతోంది. దాని మీద ఎర్ర రంగులో పుర్రె, కింద రెండు ఎముకలు. గాలికి అది తలుపును కొట్టుకుంటోంది... టక్... టక్... "మా అత్త కట్టింది. దెయ్యానికి దాని మొగమే సూపిస్తాంది" అని సుబ్బరామి నవ్వాడు. రామసుబ్బా కూడా నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుందని నాతో అన్నాడు.

ఇక మిగిలినది పక్కింటి హులిగెప్ప. కాలువ గట్టు గురించి అతనికీ సుబ్బరామికీ చాలాకాలంగా మాటల్లేవు. రామసుబ్బా అతని అరుగెక్కి నిలదీశాడు. హులిగెప్ప నింపాదిగా వక్క నమిలి, "పిల్లుల మీద పగ తీర్సుకునేంత తీరిక నాకు యాడిదప్పా? నా కక్ష మీ బావతో. ఆయనకేమన్నా అయితే అప్పుడు రా, కూసోని మాట్లాడదాం" అన్నాడు.

లేచి వస్తుంటే వెనకనుంచి మళ్ళీ పిలిచాడు.

"నా పిల్లికీ కాళ్ళు తడబడతాండాయి. రోజూ మీ పాతరగది కాడికే పోతాది. ఎలకలంట... ఎలకలు ఆడ మత్తుగా, పట్టుకుంటే దొరికేతట్ల ఉండాయంట."

రామసుబ్బా ఇంటికి వచ్చి గడప మీద కూర్చున్నాడు. లోపల హనుమక్క వేడుకకు పూలు కట్టబోయి, దారం ముడి పడక, బుట్టను నాగలక్ష్మమ్మ వైపు జరిపింది. ఆమె ఒడిలో పాపి అనే ముసలిపిల్లి గుర్రు పెడుతోంది. దానికి పళ్ళు లేవు. పాలు తాగి పడుకోవడం తప్ప వేట ఎరగదు. ఆ ఇంట్లో ఇంకా తిన్నగా నడుస్తున్న పిల్లి అదొక్కటే.

పాలు కాదు. గిన్నెలు కాదు. ఎలుకలు.

ఎలుకలు ఏం తింటున్నాయి?

అప్పటికి గురువారం సాయంత్రం అయింది. తెల్లారితే ఒడి నింపాలి. రామసుబ్బా ఎవరికీ చెప్పకుండా, చెప్పులు విప్పి, లాంతరు వెలిగించకుండానే పెరట్లోకి నడిచాడు. పశువులు దీపాల వేళకు నెమరు వేస్తున్నాయి. పాతరగది తలుపు... ఓరగా ఉంది.

లోపల బండ జరిగింది.

తాను నమ్మని సంగతి ఎదురుగా నిలిస్తే మనిషికి ఏమవుతుందో రామసుబ్బా నాకు దాచకుండా చెప్పాడు. ఇష్టదైవం పేరు నోటికి రాలేదు. చీకట్లో, పాతర నోటి దగ్గర, తెల్లచీర కట్టిన ఆకారం ఒకటి వంగి కూర్చుని ఉంది. పాతరలోకి తల వంచి ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోంది.

"తిను తల్లీ... నీ వంతు నువ్వు తిను... దాన్ని వదిలిపెట్టు..."

పిడికిలి తెరుచుకుంది. పాతర లోపల గింజలు రాలిన చప్పుడు. ఆ వెంటనే — చిన్నచిన్న కాళ్ళు పరుగెత్తిన చప్పుడు.

"ఎవరది?" అన్నాడు.

ఆకారం ఉలిక్కిపడి పక్కనున్న కుండను కొంగుతో కప్పింది.

"దీపం తేవొద్దు రామసుబ్బా... మొగోళ్ళు సూడగూడదు."

హనుమక్క.

ఆ తరువాత ఆమె చెప్పినదంతా గుసగుసల్లోనే. కుండలో ఉన్నవి లక్ష్మి ఒడి గింజలు. విత్తడం ముగిసిన రోజున విత్తనాల సంచి అడుగున మిగిలినవాటిని సేద్యగాడు తెచ్చి ఇంటి పెద్ద ఆడమనిషికి ఇస్తాడు. భూమి కడుపు నింపిన గింజలే కోడలి కడుపునూ కాయాలని ఆ ఇంటి నమ్మకం. ఒడి నింపే పొద్దుదాకా ఆ గింజలు ఇంటి మగవాళ్ళ కంట పడకూడదు, వాళ్ళ ముందు మాట రాకూడదు. అందుకే మగవాళ్ళు అడుగుపెట్టని చోట దాచారు. పిల్లులు పడిపోతున్న కొద్దీ పాతరలోని దెయ్యం ఆకలి పెరుగుతోందని ఆమె భయపడింది. ఆకలి పెరుగుతున్న కొద్దీ ఆ కుండలోంచే పిడికిలి నింపి పాతరలోకి పోసింది.

దురుగప్ప ఎందుకు మొగం తిప్పుకున్నాడో రామసుబ్బాకు అప్పుడు తెలిసింది. పూడ్చమన్నది యజమాని మాట. ఇవ్వమన్నది ఇంటి మాట. యజమాని సొంత ఇంటి మాటను యజమానికి చెప్పే హక్కు దురుగప్పకు లేదు.

వెనక తలుపు మీద రేకుబిళ్ళ కొట్టుకుంది... టక్.

"అత్తా, ఆ పుర్రె నీకు యాడిది?"

"దురుగప్ప ఇచ్చినాడు. పొడి డబ్బా మూత. సర్కారోళ్ళు దెయ్యాలకు కూడా తాయెత్తులు పంపిస్తాండారనుకున్యా."

రామసుబ్బా కుండ ఎత్తబోయాడు. ఆమె వదల్లేదు. ముసలి చేతులు రెండూ కుండ అంచును పట్టుకుని వణుకుతున్నాయి. "అది ఆకలితో ఉండాది నాయనా... ఈ గింజలు లేకుంటే లక్ష్మి బిడ్డను నేను యాడ తెచ్చిచ్చేది?" అంది. అది ఆమె చేసిన ఒకే ఒక్క వేడికోలు. అతను ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పి కుండ తీసుకున్నాడు.

ఆ రాత్రే కుండను ఊరి బయట లోతుగా పూడ్చారు. ఈసారి రామసుబ్బా దగ్గరుండి చూశాడు. పాతర నోటి మీద బండను సున్నంతో మూయించారు. తెల్లారి ఒడిలో పోయడానికి గింజలు కావాలి, విత్తనాలు తాకిన చేతులతో ఇంట్లో ఏది ముట్టారో తెలియదు. రామసుబ్బా పోయి హులిగెప్పనే అడిగాడు. అతను మారుమాట లేకుండా చేటెడు జొన్నలు తెచ్చి అరుగు మీద పెట్టి, "ఇవి సంపవులే, తీస్కపో" అన్నాడు. ఆ జొన్నలతోనే నాగలక్ష్మమ్మ ఒడి నిండింది.

శనివారం బళ్ళారి చేరుకుని, రేకు మూతను పశువుల డాక్టరు ముందు పెట్టాడు. ఆ పొడిలో పాదరసం ఉంటుందన్నాడాయన. ఎలుకలు తిన్న గింజ పిల్లులకు చేరింది. ముందు తిమ్మిరి, తరువాత వణుకు, ఆ తరువాత నడక తప్పడం... మెల్లగా వస్తుందన్నాడు. కడుపులో బిడ్డ సంగతి రామసుబ్బా అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నాగలక్ష్మమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఏ లోపమూ లేదు. ఇప్పుడు పలక పట్టుకుని బడికి పోతోంది.

ఇంతవరకు చెప్పి రామసుబ్బా ఆగాడు. దెయ్యం లేదని తేలిన కథ నాకు ఎప్పుడూ ఇష్టమే. తృప్తిగా లేవబోయాను. అతను లేవలేదు.

ఆ డాక్టరు మాటలు విని మెట్లు దిగుతుంటే, అతనికి తడిసిన తన పంచె గుర్తొచ్చిందట. ముడిపడని పూలదారం గుర్తొచ్చింది. కుండ అంచున వణికిన చేతులు గుర్తొచ్చాయి. ఇంటికి కూడా పోకుండా సాయంత్రపు రైలుకే హగరి స్టేషనులో దిగి, ఊరికి నడిచాడు.

హనుమక్క పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చెయ్యి గోడ మీద, ఒక చేతిలో దీపం. పాపి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. అతన్ని చూసి ఎదురు రాబోయింది. రెండడుగులు తిన్నగా వేసి... మూడోది పక్కకు పడింది.

"అత్తా," అన్నాడు రామసుబ్బా, "ఆ గింజలు... దానికి పోసేదే గదా? నువ్వు నోట్లో పెట్టుకోలేదు గదా?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది, ఇంత చదువుకున్నవాడికి ఇది తెలియదా అన్నట్టు.

"పిడికిలికి నాలుగు గింజలన్నా ముందు మనం తిని సూపించకుంటే," అంది, "అదెట్ల నమ్ముతాదప్పా?"

దీపం ఆమె చేతిలో వణుకుతోంది. పెరట్లో గాలి లేదు.