రెండు గడుల సందు

గ్లాసు దొర్లి నీళ్లు వేదవతి ఒడిలో పడ్డాయి. ఆనందం అది చూడలేదు. టేబుల్ మీద పరిచిన గుడ్డను ఒక్క లాగు లాగి, పైన వేలాడుతున్న దీపం కింద పట్టుకున్నాడు.

"ఇది నా గీత," అన్నాడు. "ఈడికెట్ల వొచ్చింది?"

ఎల్బీనగర్‌లో ఆ రెస్టారెంట్ తెరిచి పది రోజులే అయింది. నలభై రెండు రోజుల సకల జనుల సమ్మె ముగిసి బస్సులు తిరుగుతున్నాయి కదా అని రెండు జంటలూ సరదాగా తినడానికి వచ్చాయి. పన్నీర్ టిక్కా పొగలు కక్కుతూ వచ్చింది. ఎవరూ ముట్టలేదు.

గుడ్డ మీద వరసగా ఏనుగులు. ప్రతి ఏనుగు తొండం ముందు ఒక పువ్వు. ఆనందానికి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం ఉన్నా, పోచంపల్లిలో నేర్చిన మగ్గం విద్యను వదల్లేదు. ఆరేళ్ల కిందట కూతురు రజిత పెళ్లికని నెల రోజులు గళ్ల కాగితం మీద కూర్చుని ఈ బొమ్మ గీశాడు. ఒకే ఒక్క చీర నేశాడు. ఇంకే గుడ్డ మీదికీ ఇది ఎక్కదని కూతురికి మాటిచ్చి, కాగితాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

ఆ తాళం ఒక్కసారే తీశాడు. ఎదురుగా కూర్చున్న విశ్వేశ్వరరావు కోసం.

విశ్వేశ్వరరావు తెనాలి మనిషి. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. పద్దెనిమిదేళ్లుగా పక్కింటివాడు. పిల్లలకు గ్రాఫుల పాఠం చెప్పడానికి ఆ కాగితం జిరాక్సు తీసుకున్నాడు.

"జిరాక్సు ఎవరికిచ్చినవ్ సార్?" అన్నాడు ఆనందం. "నీళ్లు పాయె, కొలువులు పాయె. ఆఖరికి నా గీత గూడనా?"

విశ్వేశ్వరరావు భార్య వేదవతి తడిసిన కుచ్చిళ్లు పిండుకుంటూ అంది. "సమ్మె శిబిరంలో మీరు దీక్షకు కూర్చుంటే రోజూ ఫ్లాస్కుతో టీ మోసింది ఈయనే అన్నయ్యా. అప్పుడు లేని తేడా ఈ గుడ్డముక్క తెచ్చిందా?"

గొడవ విని యజమాని శ్రవణ్‌కుమార్ వచ్చాడు. "జర మెల్లగ సార్, అందరు చూస్తున్నరు. ఏ దుకాణంల లేని డిజైన్ కావాలన్న, ఏజెంటు తెచ్చిచ్చిండు. నేసినోళ్ల పేరు నేనడగలే. దొంగ సొమ్మైతే ఆ దొంగ పేరు చెప్పున్రి. గీ గుడ్డలన్ని ఇప్పుడే తీయిస్త."

ఆనందం భార్య మల్లమ్మ రొట్టెను చిన్న చిన్న ముక్కలు చేస్తోంది. ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు. విశ్వేశ్వరరావు ఆమె వేళ్లవైపు చూశాడు.  ఆయనకు సమ్మె రోజుల స్కూటర్ ప్రయాణం గుర్తొచ్చింది.

"నేనే ఇచ్చాను," అన్నాడు.

"ఏంటండీ ఆ మాట?" వేదవతి నిర్ఘాంతపోయింది.

ఆనందం గుడ్డను కళ్లకు దగ్గరగా పెట్టుకుని వేలితో ఏదో తడుముతున్నాడు. "అబద్ధం," అన్నాడు మెల్లగా.

"నేనే చెబుతుంటే..."

"నీ కాగితంల తొండం పువ్వును ముడుతది. అది నా తప్పు. గిందుల రెండు గడుల సందున్నది. ఆ సందు కాగితం మీద లేదు సార్. పెళ్లిచీరకు రంగు అద్దకముందు దారానికి ముడులు కట్టేటప్పుడు దిద్దింది. ఆ ముడి కట్టిన చేతులు..."

ఆయన భార్యవైపు తిరిగాడు. మల్లమ్మ రొట్టె పక్కన పెట్టింది.

"మా అక్క అండాలమ్మ మగ్గం ఆర్నెల్లు మూలకు వడి ఉండె," అంది. "బావ పోయినంక పని ఇచ్చేటోడు లేడు. బస్సుల్లేవని సార్ స్కూటర్ మీద పోయి, కాగితం లేకుంటనే ముడులు కట్టి ఇచ్చి వొచ్చిన. అక్క నేసి ఏజెంటుకిచ్చింది. ఎందుకు పోతున్ననో సార్‌కు తెల్వది. నువ్వు శిబిరంల ఉంటివి."

"నన్ను ఒక్క మాట అడగొద్దా?"

"పెట్టెకు తాళమేసిన్నాడు నువ్వు నన్నడిగినవా? గీత నీది. చీరల ఎనిమిది వేల ముడులు నావి."

"రజితకు మాటిచ్చిన."

"దానికి ఫోన్ చేసిన. పెద్దమ్మ మగ్గం ఆడితే నా చీరకేం తక్కువైతదే అమ్మా అన్నది."

ఆనందం కుర్చీలో కూలబడ్డాడు. పెళ్లిచీర చూసి ఊరంతా మెచ్చుకున్నది ముడి కింద రంగంటక మిగిలిన ఆ తెల్లటి సందునే. మెప్పులన్నీ తానే తీసుకున్నాడు. కాగితం మీద తప్పు మాత్రం ఇప్పటికీ అట్లాగే ఉంది. గుడ్డమీద ఏనుగులు మసకబారాయి.

ఆయన విశ్వేశ్వరరావు చేయి పట్టుకున్నాడు. "చెయ్యని తప్పు నెత్తిన పెట్టుకుంటివి. అనరాని మాటంటి సార్."

"అన్నావులే. ముందు ఆ పన్నీర్ తిను, చల్లారిపోయింది," అన్నాడు విశ్వేశ్వరరావు. 

శ్రవణ్‌కుమార్ ఇంకా నిలబడే ఉన్నాడు. "గుడ్డలు తీయించాల్నా సార్?"

"వద్దు బిడ్డా." ఆనందం గుడ్డను టేబుల్ మీద తిరిగి పరిచి, అరచేత్తో ముడతలు సాపు చేశాడు. "దొంగ దొరికింది. పేరు అడిగినవ్ గద, అందరికి కనవడేటట్టు గా గోడ మీద రాయించు."

ఆయన పక్క టేబుళ్లకు కూడా వినబడేలా చెప్పాడు.

"మల్లమ్మ."