మిద్దె మీద చక్రాల కుర్చీ

రెడ్డెమ్మకు మతి చలించిందన్న సంగతి కువైట్లో అరుణజ్యోతి వాళ్ళుండే అబ్బాసియాకు మోసుకొచ్చింది పక్క గది జమీలా బీ. ఆమె కూడా కళ్ళారా చూసింది కాదు. సబా అల్ సలేంలో రెడ్డెమ్మ పనిచేసే ఇంటి ఎదురింట్లో జమీలా బీ చిన్నమ్మ కూతురు వంట చేస్తుంది. ఆ పిల్ల ఫోన్లో చెప్పిందట. తెల్లారీ తెల్లారకముందే రెడ్డెమ్మ, ఆ ఇంట్లో అందరూ 'మామా' అని పిలిచే ముసలి యజమానురాలు ఇద్దరూ మిద్దె ఎక్కి వెనక్కి వెనక్కి నడుస్తున్నారట. నడిచి నడిచి ఆగి, అరచేతులతో ఒళ్ళంతా చరుచుకుంటున్నారట. ఆ పైన, గాలిలో లేని కుండేదో పట్టుకున్నట్టు చేతులు గుండ్రంగా పెట్టి, కదలకుండా నిలబడిపోతున్నారట.

"ఎవురో చైనా ఆయమ్మ వచ్చి సూదులు గుచ్చిపోతాందంట అరుణా. ఏం మందు పెట్టిందో ఏమో! అరవై ఏండ్ల మనిషి, కాస్త చూసుకోండి" అని చెప్పి, టీ గ్లాసు ఖాళీ చేసి జమీలా బీ తన గదికి వెళ్ళిపోయింది.

పెనం మీద దోసె మాడింది. అరుణజ్యోతి దాన్ని గీకి పారేసి మొగుడి వైపు తిరిగింది.

"విన్న్యావా? మాయమ్మకు ఏమో అయింది."

"ఏమీ కాలేదు. వయసయింది, అంతే" అన్నాడు మునీంద్ర, చొక్కా జేబు తడుముకుంటూ. "మనం చేసింది మంచి పనే. ఈ రోజే పోయి చెప్పేద్దాం పద."

ఇద్దరూ కలిసి చేసిన ఆ మంచి పని రెడ్డెమ్మకు ఇంకా తెలియదు. ఇరవై రెండేళ్ళ కిందట మొగుడు పోయిన ఏడే రాయచోటి వదిలి కువైట్ విమానం ఎక్కిన మనిషి ఆమె. కూతురిని చదివించింది, పెళ్ళి చేసింది, కూతురినీ అల్లుడినీ కూడా ఇక్కడికి తెప్పించుకుంది. ఇప్పుడు ఊర్లో బండపరుపు ఇల్లు లేచింది. వరండాలో కొత్త వాలుకుర్చీ, దాని మీద ఫ్యాను. అమ్మను అందులో కూర్చోబెట్టి, కాలు కింద పెట్టనీయకుండా చూసుకోవాలన్నది అరుణజ్యోతి కోరిక. ఎప్పుడు అడిగినా రెడ్డెమ్మది ఒకటే మాట, 'వచ్చే ఏడు చూద్దాంలే' అని. విసిగిపోయి, పోయిన వారం మునీంద్ర నేరుగా ఆమెకు వీసా ఇచ్చిన కఫీల్‌కే ఫోన్ చేశాడు. ఆయన ముసలి మామా కొడుకు, పనివాళ్ళంతా 'బాబా' అని పిలిచే మనిషి.

సబా అల్ సలేం చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఆ ఇంట్లో లిఫ్టు ఉంది గానీ మిద్దె దాకా పోదు. స్కూలు బస్సు నడుపుతూ పొద్దంతా స్టీరింగు ముందు కూర్చునే మునీంద్ర మిగిలిన ఒక్క అంతస్తు మెట్లు సగం ఎక్కేసరికే గోడ పట్టుకుని నిలబడ్డాడు. వయసు ముప్పై తొమ్మిది.

"నువ్వు పో. ఊపిరి తీసుకోని వస్తా" అన్నాడు.

అరుణజ్యోతి మిద్దె తలుపు తోసింది. తోసిన చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది.

పోయిన రంజాన్‌కు ఆమె మామాను చూసింది. ఎనభై మూడేళ్ళ ముసలామె, మంచంలో పక్కకు తిప్పాలన్నా ఇద్దరు కావాలి. ఆమే ఇప్పుడు కర్ర లేకుండా నిలబడి ఉంది. ఎదురుగా రెడ్డెమ్మ. ఇద్దరూ చేతులు పైకెత్తుతున్నారు, నిండు పాలకుండను ఉట్టి మీద పెట్టేటంత నెమ్మదిగా. ఎత్తేటప్పుడు ఊపిరి లోపలికి, దించేటప్పుడు బయటికి. ఒకరు అరబ్బీ, ఒకరు తెలుగు, ఊపిరి మాత్రం ఒకటే. సముద్రం వైపు నుంచి వచ్చే గాలికి మామా నల్లటి ముసుగు, రెడ్డెమ్మ చీర కొంగు ఒకే వైపు ఎగురుతున్నాయి. తర్వాత రెడ్డెమ్మ చెయ్యి అందించింది. మామా ఆ చెయ్యి పట్టుకుని ఒక్కో అడుగూ వెనక్కి వేసింది. మడమ కాదు, ముందు వేళ్ళు ఆనించి, నేలను అడిగి అడిగి వేసినట్టు. పన్నెండు అడుగులు. అరుణజ్యోతి లెక్కపెట్టింది.

మిద్దె మూల మామా చక్రాల కుర్చీ ఉంది. దాని మీద రెండు పుదీనా కుండీలు పెట్టారు.

"యల్లా, రెడ్డమ్మా!" అని మామా ఇంకో వరస మొదలెట్టబోతుంటే రెడ్డెమ్మ కూతురిని చూసింది.

"ఎప్పుడొచ్చినావు పాపా? అట్లా దెయ్యాన్ని చూసినట్టు చూస్తాండావేంది?"

"మా... మామా ఎట్లా లేచింది?"

"ఒకరోజున లేచిందా? ఏడు నెలలు పట్టింది. చైనా డాక్టరమ్మ వారానికి రెండు మాట్లు వస్తాది. ఆయమ్మ చెప్పేది ఇంటే మన కయ్యలో నీళ్ళు కట్టేది గుర్తొస్తాది నాకు. ఒంట్లో కూడా కాలవలుంటాయంట. ఆటిలో సత్తువ పారతాంటాదంట. యాడన్నా నీళ్ళు మళ్ళే మడవ పూడితే ఆడ నొప్పి, ఆ కిందంతా ఎండు. అందుకే ఈ చరుచుకునేది."

చీర కాస్త పైకి లాగి, మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ళ దూరంలో బొటనవేలితో నొక్కి చూపింది.

"ఇది రోజూ నొక్కాల. రాత్రి అల్లమేసిన వేన్నీళ్ళలో పాదాలు పెట్టుకోవాల. ఐసు నీళ్ళు తాగగూడదు. కడుపు నిండకముందే చెయ్యి కడుక్కోవాల. పెందలాడే పడుకోవాల. తిట్టుకుంటా తింటే ఒంటికి పట్టదంట. మామా కోసం నేర్చుకున్న్యా. నేర్పిస్తా నేర్పిస్తా నా నడుం నొప్పి యాడికి పోయిందో నాకే తెలీలా."

"మరి మాత్రలు? మామా షుగర్ మాత్రలు మానేసిందా?"

"మానితే సూదులు పెట్టనంది డాక్టరమ్మ. ఆ మాత్రలు ఆ మాత్రలే, ఈ నడక ఈ నడకే."

అప్పటికి మునీంద్ర పైకి వచ్చాడు. ముఖమంతా చెమట. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, పండగ కానుక ఇచ్చినట్టు రెండు చేతులా ఇచ్చాడు.

"అత్తా, గురువారం ఫ్లైటు. బాబాతో మాట్లాడినా. అంతకుముందు ఆదివారమే ఇఖామా ఖలాస్, ఈడుండే పర్మిట్టు రద్దు చేపిస్తానన్న్యాడు. నీ మోకాళ్ళు పోయినాయి, మెట్లెక్కలేకుండా ఉండావని చెప్తే, పాపం ఒక్క మాట అడగలా. మేము చెప్పేదాకా నీకు చెప్పొద్దన్న్యా. ఇంగ నువ్వు ఎయిర్‌పోర్టులో గూడా నడిచే పన్లేదు. వీల్‌చైరుకు రాయించినా!"

రెడ్డెమ్మ కాగితం చూసింది. తర్వాత మూలనున్న చక్రాల కుర్చీని చూసింది.

"నా మోకాళ్ళు పోయినాయా? నాకెవురూ చెప్పలేదే" అంది.

మామా ఏమిటని అడిగింది. రెడ్డెమ్మ తనకొచ్చిన అరబ్బీలో చెప్పింది. మామా ఒంగి రెడ్డెమ్మ మోకాలు తట్టి, 'ఈ మోకాళ్ళేనా!' అన్నట్టు పళ్ళు లేని నోటితో నవ్వింది. నవ్వింది గానీ, రెడ్డెమ్మ మణికట్టు పట్టుకున్న చెయ్యి వదలలేదు.

"నీ మంచికే చేసినాంమా" అంది అరుణజ్యోతి. "ఎన్నాళ్ళు కష్టపడతావు? కూర్చోబెట్టి అన్నం పెడతాం."

"మీ అవ్వను గూడా అట్లనే కూర్చోబెట్టినాడు మా తమ్ముడు, మీ మామ."

అరుణజ్యోతి తలెత్తింది.

"పేడ తీసే మనిషి, రెండు కడవలు చంకనేసుకోని వచ్చే మనిషి. కొడుకుకు చేతికి కాస్త వచ్చిందని, గ్లాసు గూడా ఎత్తనీలా. మంచం మీదికే అన్నం, మంచం మీదికే నీళ్ళు. ఊరంతా మెచ్చుకున్న్యారు. నేనూ ఫోన్లో సంతోషపడినా. రెండేండ్లకు లేవలేకపోయింది. నడుం కింద పుండ్లు పడినాయి. ఆ పొద్దు నేను ఈడ వేరేవాళ్ళ తల్లిని ఎత్తి కూర్చోబెడతాండా. నా తల్లిని ఎత్తేదానికి నేను ల్యా." రెడ్డెమ్మ గాలికి జారిన మామా ముసుగు సర్దింది. "మీ మామ చెడ్డోడు కాదు పాపా. మీ మాదిరే మంచోడు."

అరుణజ్యోతికి అవ్వ గుర్తొచ్చింది. మంచంలోంచి చెయ్యి చాపి, 'నన్నొకసారి వాకిలి దాకా తీసకపో పాపా' అని అడిగేది. 'నువ్వెందుకవ్వా లేచేది, పడుకో' అని ప్రేమగానే చెప్పి బడికి పరుగెత్తేది తను. పద్నాలుగేళ్ళ వయసప్పటి ఆ మాట ఇప్పుడు మళ్ళీ చెవిలో వినిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మామా చిన్న పిల్లను పిలిచినట్టు పిలిచి, ఆమె వీపు మీద అరచేత్తో మెల్లగా చరిచింది, పై నుంచి కిందికి, రోజూ మిద్దె మీద తాము ఒళ్ళు చరుచుకునేటట్టే.

"కిందికి పోయి బాబాకు నేను చెప్తా" అంది అరుణజ్యోతి, కళ్ళు తుడుచుకుని. "అబద్ధం చెప్పినామని చెప్తా. టికెట్టు వాపసు చేద్దాం."

"చెప్పు. మామా ఉన్నన్నాళ్ళు ఉంటా. ఆ తర్వాత వస్తా. విమానం కాడికి నా కాళ్ళతోనే నడిచి వస్తా."

మునీంద్ర చేతిలో కాగితం గాలికి కొట్టుకుంటోంది. అతనికి ఇంకా మింగుడు పడలేదు. నిలబడలేక పుదీనా కుండీలు పక్కకు జరిపి, చక్రాల కుర్చీ అంచున కూలబడ్డాడు.

"అది కాదత్తా, ఊర్లో జనం మమ్మల్ని ఏమనుకుంటారు? ఎప్పుడన్నా ఒకప్పుడు నువ్వు కూర్చోవాల కదా?"

రెడ్డెమ్మ మామా చెయ్యి పట్టుకుని మళ్ళీ వెనకడుగు వేయబోతూ, అతని వైపు చూసింది.

"కూర్చున్నోళ్ళను ఎత్తేదే ఇరవై రెండేండ్లుగా నా పని. నేను కూర్చుంటే నన్నెవురెత్తుతారు నాయనా, మూడు మెట్లెక్కితే ఆయాసపడే నువ్వా?"